ఫిన్లాండ్‌ల ఇంటర్ ఫిరీనే.. గానీ ఎవలకు?

పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట మెట్రో దాక నడిస్తె ఇరవై నిమిషాలు గూడ పట్టది. గా నడకల మన పోరగాండ్ల రేపటి బతుకు మొత్తం బోర్డుల మీద కనవడ్తది. మైత్రీవనం దిక్కు జావా, పైథాన్. పంజాగుట్ట దిక్కు ఐఈఎల్‌టీఎస్, వీసా, స్టడీ అబ్రాడ్. మునుపు ఈ బోర్డులు బీటెక్ అయినోళ్ల కోసం ఉంటుండె. ఇప్పుడు పదో తరగతి పాసైన పిలగాండ్ల దాక దిగినయ్.

మొన్న ఎండకాలం మా అక్క కరీంనగర్ దిక్కు నుంచి కొడుకును తోల్కొని మా ఇంటికొచ్చింది. "తమ్మీ, ఫిన్లాండ్‌ల ఇంటర్ ఫిరీ అంట. ఇంగ్లీష్ మీడియం, ఇంటర్నేషనల్ స్కూల్. ఈడ కార్పొరేట్ కాలేజీకి కట్టే పైసలతోనే ఆడ సదివియ్యొచ్చట" అన్నది. ఆమె ఎంబడి ఒక కన్సల్టెన్సీకి నేను గూడ పోయిన. గంటసేపు విన్న. ఆయన చెప్పినదాంట్ల అబద్ధం తక్కువనే. చెప్పకుండ దాటేసిందే ఎక్కువ. గందుకే ఇది రాస్తున్న.

ముందుగాల నిజం ఒప్పుకుందాం. ఫిన్లాండ్‌ల సర్కారు బడికి ఫీజు ఉండది. తొమ్మిదేండ్ల బడి అయినంక పిల్లలు 'లుకియో'ల చేరుతరు. మన ఇంటర్ లెక్క, కాకపోతె మామూలుగ మూడేండ్లు. 1948 నుంచి బడిల మధ్యాహ్నం బువ్వ ఫిరీ. 2021 నుంచి పద్దెనిమిదేండ్ల దాక సదువు తప్పనిసరి జేసి, పుస్తకాలు, కంప్యూటర్ గూడ ఇస్తున్నరు. అయితే ఈ హక్కు ఆ దేశంల కాపురం ఉండేటోళ్ల పిల్లలది. ఈడికెళ్లి సదువు కోసమే ఒంటరిగ పోయే పిలగానికి అదంతా దానంతటదే రాదు. రెసిడెన్స్ పర్మిట్ తీస్కోవాలె, బతుకనీకి సరిపోయే పైసలు బ్యాంకుల సూపియ్యాలె, ఇన్సూరెన్స్ కట్టాలె, కిరాయికి రూమ్ సూసుకోవాలె. ఫీజు ఫిరీ అంటె ఖర్చు ఫిరీ కాదు.

మరి వాళ్లు బయటి పిల్లలను ఎందుకు పిలుస్తున్నరు? ఆడ కాన్పులు తగ్గినయ్. 2023ల ఒక్కో ఆడామెకు సగటున పిల్లలు 1.26 మందే. చిన్న చిన్న పట్నాలల్ల లుకియోలు ఖాళీ అయితున్నయ్. పిల్లల లెక్కను బట్టే బడికి సర్కారు పైసలొస్తయ్. పిల్లలు లేకుంటె బడి మూత పడ్తది. గందుకే కొన్ని ఊర్లు వేరే దేశాల దిక్కు సూస్తున్నయ్. ఇండ్ల తప్పేం లేదు. కాకపోతె ఆ ఊరి బడిల పాఠం నడిచేది ఫిన్నిష్‌ల. పోకముందే నెలల తరబడి ఫిన్నిష్ నేర్పుడు గందుకే. 'లాంగ్వేజ్ ప్యాకేజ్' అని మా అక్క ముందు పెట్టిన కాయితం గిదే. ఆమె దాన్ని ఇంగ్లీష్ కోచింగ్ అనుకున్నది.

ఇంగ్లీష్‌ల నడిచేటియి లేవా అంటె ఉన్నయ్. హెల్సింకి, ఎస్పో, తాంపెరె అసొంటి పట్నాలల్ల ఐబీ డిప్లొమా చెప్పే లుకియోలున్నయ్. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ఐబీ కాకుండ ఆ దేశపు సొంత పరీక్ష రాస్తమంటె, 1852ల మొదలైన మెట్రిక్యులేషన్‌ను ఫిన్నిష్‌ల గాని స్వీడిష్‌ల గాని రాయాలె. ఇంగ్లీష్‌ల గూడ పెట్టే ఆలోచనను 2023ల వచ్చిన సర్కారు ముందటికి తెచ్చింది. ఎస్పోల నోకియా ఉన్నది, ఆడ మన తెలుగు ఇంజినీర్లున్నరు. వాళ్ల పిల్లలు ఇంగ్లీష్ బడికి పోతరంటె తల్లిదండ్రులు ఆడనే ఉండి కొలువు జేస్తున్నరు, పన్ను కడ్తున్నరు. వాళ్ల ఫొటో సూపించి మనకు సీటు అమ్ముడంటె, పక్కింటోళ్ల పాస్‌బుక్కు సూపించి మనకు భూమి అమ్మినట్టే.

స్వీడన్ ముచ్చట ఇంకో తీరు. ఆడ 1993ల మొదలైన ఇంటర్నేషనల్ ఇంగ్లీష్ స్కూల్ అనే పెద్ద బడుల గొలుసు ఉన్నది. పేరుల ఇంగ్లీష్ ఉన్నా, తొమ్మిదో తరగతి దాక మామూలు బడుల పాఠాలు సగానికి మించి ఇంగ్లీష్‌ల చెప్పొద్దని ఆ దేశం రూల్ పెట్టుకున్నది. తమ భాష తెల్వకుండ పిల్లలు పెరుగొద్దని వాళ్ల పట్టుదల. మనమేమొ తెలుగు రాకపోతెనే ఇంటర్నేషనల్ అనుకుంటున్నం.

'ఫిరీ' అనే మాట ఎన్నాళ్లుంటదో గూడ ఆలోచించాలె. యూరప్ బయట నుంచి డిగ్రీ, పీజీలకు వచ్చేటోళ్ల కాడ డెన్మార్క్ 2006ల ఫీజు మొదలువెట్టింది. 2011ల స్వీడన్, 2017ల ఫిన్లాండ్, 2023ల నార్వే అదే తొవ్వ పట్టినయ్. ఒక్కో తలుపు ఎన్కకు ఒక్కోటి మూసుకున్నది. పదహారేండ్ల పోరడు లుకియో పాసై యూనివర్సిటీ గేటు కాడికి పోయేసరికి ఫీజు ఎంత, పర్మిట్ ఏంది అన్నది ఇయ్యాల్నే అడుగాలె. మూడేండ్ల లెక్కనే చెప్పి ఆరేండ్ల ఖర్చును దాస్తె అది సలహా కాదు, యాపారం.

పేదింటి పిలగానికి నిజంగ తెరిచిన తొవ్వ ఒకటున్నది. నార్వేల ఫ్లెక్కె అనే చిన్న ఊర్ల 1995 నుంచి రెడ్‌క్రాస్ నార్డిక్ యునైటెడ్ వరల్డ్ కాలేజీ నడుస్తున్నది. ఇంగ్లీష్‌ల రెండేండ్ల ఐబీ, ఆడనే హాస్టల్, ఎన్నో దేశాల పిల్లలు. పిల్లలను ఎక్కువగ ఏ దేశానికా దేశంల ఉన్న యునైటెడ్ వరల్డ్ కాలేజీ కమిటీలు ఎంచుతయ్. ఇంటి పరిస్థితిని బట్టి స్కాలర్‌షిప్ ఉంటది. ఇదే కుటుంబపు కాలేజీ మన దేశంల గూడ పుణె దగ్గర 1997 నుంచి ఉన్నది. సీట్లు మస్తు తక్కువ. అయినా దరఖాస్తు పెట్టనీకి ఏజెంటు అక్కర లేదు. గందుకేనేమొ గా పేరు నేనైతె పంజాగుట్ట బోర్డుల మీద ఎన్నడూ సూడలే.

ఇగ సర్కారు సంగతి. గల్ఫ్‌కు మనిషిని పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్స్ ఉండాలె. మోసపోయినోళ్లు ఆ నంబర్ పట్టుకొని కొట్లాడొచ్చు. గా చట్టం కొలువుకు పోయేటోళ్లది. సదువుకు పంపేటోళ్లు దాని కిందికి రారు. మేజర్ అయిన కూలి మనిషికి ఉన్న కాపుదల, మైనర్ పిలగానికి లేకుండ పోయింది. పిల్లలను విదేశీ బడులకు పంపే కన్సల్టెన్సీలకు రిజిస్ట్రేషన్ పెట్టాలె. ఏ బడి, ఏ భాష, ఎవలు గార్డియన్, మొత్తం ఖర్చెంత అన్నది తెలుగుల రాసి సంతకం పెట్టియ్యాలె. గిది చెయ్యనీకి కోట్లేం అక్కర లేదు.

గీ లోపు తల్లిదండ్రులు పైసలు కట్టకముందే నాలుగు మాటలు అడుగుండ్రి. పాఠం ఏ భాషల చెప్తరు? అడ్మిషన్ లెటర్ ఇచ్చేది బడినా, నడిమిట్ల కంపెనీనా? పద్దెనిమిదేండ్లు నిండేదాక పిలగానికి ఆడ జవాబుదారీ ఎవలు? పర్మిట్ రాకుంటె మా పైసలు ఎన్ని రోజులల్ల వాపస్ వస్తయ్? జవాబు కాయితం మీద ఇస్తెనే నమ్ముండ్రి.

మా అక్క నాలుగూ అడిగింది. మొదటి దానికే కౌంటర్ కాడ ఉన్నాయన ఫోన్ మాట్లాడుకుంట లోపలికి పోయిండు. ఎన్కకు వస్తుంటె మెట్రో మెట్ల మీద ఆగి ఆమె అన్నది: "ఫీజు లేని బడి, మంచి సారు, కడుపు నిండ బువ్వ. గింత దానికి సముద్రం దాటాల్నా తమ్మీ?"

గా ప్రశ్న సర్కారును గూడ అడుగాలె. 1971ల పీవీ ముఖ్యమంత్రిగ ఉన్నప్పుడు సర్వేల్‌ల గురుకులం పెట్టి మనమే తొవ్వ సూపినం. 2024 అక్టోబర్‌ల కొందుర్గుల యంగ్ ఇండియా గురుకులానికి శంకుస్థాపన జేసిండ్రు. రాయి పడ్డది, సంతోషం. కానీ గురుకులంల సీటు రాని పిల్లలు మస్తుమంది ఉంటరు. ఫిన్లాండ్ నుంచి నేర్చుకునుడంటె, ఊర్ల ఉన్న మామూలు బడినే బాగు జేసుడు. ఆడ తల్లిదండ్రులు మంచి బడి కోసం పొలం కుదువ పెట్టరు. మా అక్క పెడ్తందుకు తయారైంది.