డబ్బు మనది... తాళంచెవి ఎవరిది?

కుక్కర్ గ్యాస్కెట్ సాగిపోతే కొత్త గ్యాస్కెట్ వేసుకుంటాం గానీ కుక్కర్ పారేస్తామా? మరి ఫోన్ విషయంలో మాత్రం ఎందుకు పారేస్తున్నాం?

మా ఇంట్లో ఫోన్లకో వరుస ఉంది. కొత్తది మావారికి, ఆయన వాడి వదిలేసింది నాకు, నేను వదిలేసింది మా అత్తగారికి. చాలా ఇళ్లలో ఇదే తంతు అనుకుంటాను. మొన్న ఆవిడ ఫోన్‌లో బ్యాంకు యాప్ పనిచేయడం మానేసింది. తెర బాగుంది, బ్యాటరీ బాగుంది. "ఇందులో ఆండ్రాయిడ్ పాతబడిందమ్మా, కంపెనీ ఇక కొత్తది ఇవ్వదు" అన్నాడు షాపతను. "ఒళ్లు బాగానే ఉన్నా రిటైర్ చేసేశారన్నమాట, నాలాగే!" అని నవ్వారావిడ. పింఛను పడిందో లేదో తెలియాలంటే ఇప్పుడు మనవణ్ని బతిమాలాలి. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఫోన్‌ని నడిపించే ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని మార్చుకునే వీలుంది. కంపెనీలు వదిలేసిన ఎన్నో ఫోన్లకు ఔత్సాహికులు 2016 నుంచీ 'లీనేజ్ ఓఎస్' అనే దాన్ని ఉచితంగా ఇస్తున్నారు. అయితే ముందు ఫోన్ లోపలి తాళం తీయాలి. దాన్నే బూట్‌లోడర్ లాక్ అంటారు. దొంగ చేతిలో పడితే మనల్ని కాపాడేదీ అదే కాబట్టి తాళం వద్దనను. కానీ కొన్ని కంపెనీలు కొన్నవాళ్లనూ తీయనివ్వవు. ఇల్లు అమ్మి తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నట్టు లేదూ?

నెదర్లాండ్స్‌లోని ఫెయిర్‌ఫోన్ సంస్థ ఆ తాళం తీసుకోనిస్తుంది. బ్యాటరీ మనమే మార్చుకోవచ్చు. 2015లో వచ్చిన దాని రెండో ఫోన్‌కి 2023 దాకా అప్‌డేట్లు ఇచ్చింది. అంటే చేయాలనుకుంటే చేయొచ్చు!

అలాగని ఇవాళే తాళం తీయించేయకండి. తీస్తే అందులోని ఫొటోలు, నంబర్లు అన్నీ చెరిగిపోతాయి. పైగా తాళం తీసిన ఫోన్‌లో కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయవు. అంటే మా అత్తగారి సమస్య అక్కడా తీరుతుందన్న హామీ లేదు. అందుకే ఎవరి తిప్పలు వాళ్లు పడితే చాలదు, చట్టం కావాలి.

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం అయిదేళ్లు అప్‌డేట్లకు, ఏడేళ్లు విడిభాగాలకు కంపెనీదే బాధ్యత. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. కానీ పోర్టల్ వేరు, కంపెనీని కట్టడి చేసే నిబంధన వేరు.

అంతవరకూ మన చేతిలో ఉన్నది ప్రశ్న. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగేముందు, అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారు, ఆ తర్వాత తాళం తీసుకోనిస్తారా అని అడుగుదాం. చీర కొనేటప్పుడు తిరగేసి చూడకుండా కొంటామా ఏమిటి?