చెకిన్ అయిందా, అక్కయ్యా?

ముందు వంటల పేజీ చూసి, ఆ తర్వాతే ఇటు వస్తారని నాకు తెలుసులెండి! అక్కడ ‘బంగాళాదుంపలు చెక్కు తీసి’ అని రాసి ఉంటే మీలో ఎవరికీ అనుమానం రాదు. చెక్కు అంటే పైతొక్క. రాతిలో బొమ్మ చెక్కడమూ తెలుసు. చెప్పా పెట్టకుండా పోయినవాణ్ణి ‘చెక్కేశాడు’ అంటామే, అదీ తెలుసు. ఇవన్నీ మన సొంత చెక్కులు. వీటి పక్కన ఇంగ్లీషువాళ్ళ ‘చెక్’ వచ్చి చేరింది. పులుసులో ఉప్పు చెక్ చేస్తాం, పడుకోబోయే ముందు గ్యాసు చెక్ చేస్తాం, పిల్లల స్కూలు బ్యాగు చెక్ చేస్తాం. మన ఇళ్ళలో దానికి ఒకటే అర్థం... సరిగ్గా ఉందా లేదా అని చూసుకోవడం. ఆ ఒక్క అర్థాన్నే నమ్ముకుని మా పెద్దక్కయ్యకి శంషాబాదులో విమానం తప్పిపోయినంత పనైంది!

కూతురి పురుటికి డల్లాస్ బయల్దేరింది అక్కయ్య. మొదటిసారి ప్రయాణం, అదీ ఒంటరిగా. బావగారు పోయి ఏడాది కూడా కాలేదు. కూతురికి నెలలు నిండాయి, ఈ విమానం తప్పితే మళ్ళీ టికెట్టు ఎప్పటికో. 23 కిలోల పెట్టెలు రెండు. వాటినిండా కాయం పొడి, మినప సున్నుండలు, బాలింతకి కావలసిన సరంజామా. పగలే అల్లుడు ఫోన్ చేశాడు. “అత్తయ్యా, చెకిన్ నేనే ఇక్కణ్ణించి చేసేశాను. మీరు హాయిగా వచ్చెయ్యండి” అన్నాడు. అర్ధరాత్రి మేమంతా కలిసి దింపి వచ్చాం. టికెట్టు లేనివాళ్ళని తలుపు దాటనివ్వరు కదా, అక్కడే ఆగిపోయాం. సీఐఎస్ఎఫ్ జవాను టికెట్టూ పాస్‌పోర్టూ చూసి అక్కయ్యని లోపలికి పంపించాడు. చెయ్యి ఊపి వచ్చేశాం.

దారిలో నేను ఫోన్ చేసి, “చెకిన్ అయిందా అక్కయ్యా?” అంటే, “ఆ, అయిందే! గుమ్మం దగ్గరే చెక్ చేశాడు. అసలు అల్లుడు ఎప్పుడో చేసేశాట్ట” అంది నిశ్చింతగా. నేనూ సరేననుకున్నాను. నాకు మాత్రం ఏం తెలుసు!

ఆవిడ పెట్టెలు రెండూ పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. పిలుస్తారు కాబోలని కూర్చుంది. కళ్ళ ముందే జనం వరసలు కట్టి కౌంటర్ల దగ్గరికి వెళ్తున్నారు. ‘పాపం, వీళ్ళకి చెకిన్ కాలేదు’ అనుకుందిట! నాలుగింటికి విమానం. రెండున్నర దాటాక నేల తుడుస్తున్న ఒకామె ఆగి, “అమ్మా, గింత సేపటి సంది గీడనే కూసున్నరేంది? సామాన్లు ఇయ్యలేదా?” అనడిగింది. శంషాబాదు పక్క పల్లెటూరే ఆమెది. టికెట్టు చూపించమని, పెట్టెల బండి తనే తోసుకుంటూ కౌంటరు దాకా తీసుకెళ్ళింది. సాధారణంగా విమానం ఎగరడానికి గంట ముందే ఆ కౌంటర్లు మూసేస్తారు. అక్కయ్య పెట్టెలు బెల్టు మీదికెక్కేసరికి ఇంకో పావుగంటే ఉందిట. ఆ తల్లి పేరైనా అడగలేకపోయానే అని అక్కయ్య ఇప్పటికీ బాధపడుతుంది.

అక్కయ్యకి ఇంగ్లీషు రాదనుకునేరు! పాతకాలం ఇంటర్ పాసైన మనిషి. తప్పు ఆమెది కాదు, ఈ ‘చెక్’ది. నిలకడ లేని మాట అది.

దీని పుట్టిల్లు ఎక్కడో తెలుసా? చదరంగం బల్ల! మన చతురంగం పర్షియా దేశం వెళ్ళింది. అక్కడ ఎదుటివాడి రాజుని ఇరుకున పెట్టినప్పుడు “షా!” అనేవారు. షా అంటే రాజు. ‘నీ రాజుని చూసుకో’ అని హెచ్చరిక. ఆ ‘షా’యే అరబ్బుల నోట, ఫ్రెంచివాళ్ళ నోట నలిగి, ఇంగ్లండు చేరేసరికి ‘చెక్’ అయింది. అంటే గుడివాడలో పుట్టిన మన కోనేరు హంపి పదిహేనేళ్ళకే, 2002లో, గ్రాండ్ మాస్టరై ప్రపంచానికి చెప్పిన ‘చెక్’ ఒకప్పుడు మన ఆటతోనే బయల్దేరిందన్నమాట!

ఆట నుంచి మాట బయటికొచ్చింది. రాజుకి అడ్డం పడడం కనక అడ్డుకోవడం అనే అర్థం వచ్చింది. పేపర్లలో ‘ప్రత్యర్థికి చెక్’ అని రాసేది అందుకే, చెక్‌పోస్టు అనేదీ అందుకే. ఆపినవాడు ఊరుకోడుగా, పరీక్షగా చూస్తాడు! మన ఉప్పు చెక్ చేసే అర్థం అలా వచ్చింది. మోసం జరగకుండా సరిచూసుకునే కాగితం కాబట్టి బ్యాంకు చెక్కు. ఇక మీ బీరువాలో ఉన్న నారాయణపేట చెక్స్ చీర ఉందే, ఆ గళ్ళు కూడా చదరంగం బల్ల గళ్ళే సుమండీ. (గళ్ళ చీర అనే చక్కటి మాట ఉండగా చెక్స్ అనడం నాకు నచ్చదు, అది వేరే సంగతి.)

విమానాశ్రయంలో వినిపించే చెక్ మాత్రం ఇంకో దారిన వచ్చింది. వెనకటికి అమెరికా రైళ్ళలో సామాను అప్పగిస్తే ఇత్తడి బిళ్ళలు జత ఉండేవి. ఒకటి పెట్టెకి కట్టి, ఒకటి మన చేతికిచ్చేవారు. ఆ బిళ్ళ పేరు చెక్. గుడికెళ్ళి చెప్పులు అప్పగించి టోకెను పుచ్చుకుంటామే, సరిగ్గా అదే! కాబట్టి పెట్టె ‘చెకిన్’ చెయ్యడమంటే తెరిచి చూడ్డం కాదు, అప్పగించి చీటీ పుచ్చుకోవడం. మనిషి చెకిన్ అవడమంటే ‘నేను వచ్చాను’ అని హాజరు వేయించుకోవడం. ఈ హాజరు ఇంటి దగ్గర్నుంచి ఫోన్లో కూడా వేసెయ్యొచ్చు. అల్లుడు చేసింది అదే. కానీ పెట్టెలు ఫోన్లోంచి వెళ్ళవు కదా!

ఆ తర్వాత సెక్యూరిటీ చెక్ ఉంటుంది. అది మాత్రం మన పాత అర్థమే, చేతిసంచీ వెతికే చెక్. నూనె తేలే ఆవకాయ చేతిసంచీలో ఉంటే అక్కడే తీసేస్తారు. గట్టిగా మూత బిగించి, అప్పగించే పెట్టెలోనే పెట్టండి. ఫోనుకి ఛార్జింగు పెట్టుకునే పవర్ బ్యాంకుకి మాత్రం తిరకాసు... అది చేతిసంచీలోనే ఉండాలి, అప్పగించే పెట్టెలో ఉండకూడదు. ఎండుకొబ్బరి అసలు పెట్టుకోకండి, అది తేలిగ్గా నిప్పంటుకునే సరుకుల కింద లెక్క. అమెరికా వెళ్ళేవాళ్ళు మాంసం పచ్చళ్ళ జోలికి పోవద్దు, అక్కడ రానివ్వరు.

ఈ విమానాశ్రయం 2008లో మొదలైంది. అప్పట్నుంచి మన వైపు తల్లులు ఎంతమంది పురుళ్ళకని ఆ తలుపు దాటారో! శుభ్రంగా నడవగలిగినవాళ్ళు కూడా కొందరు చక్రాల కుర్చీ అడుగుతారు. అది కాళ్ళ కోసం కాదు, తోడు మనిషి కోసం, మాట కోసం. కొందరు నవ్వుతారు గానీ, నాకు తప్పనిపించదు. అడిగేదేదో టికెట్టు కొనేటప్పుడే అడిగి పెట్టుకోండి. మీ పిల్లలు “చెకిన్ అయిందా?” అంటే మాత్రం, “నా హాజరా, నా పెట్టెలా?” అని తిరిగి అడగండి.

అక్కయ్య ఆర్నెల్లకి తిరుగు ప్రయాణమైంది. విమానం ఎక్కే ముందు డల్లాస్ నుంచి ఫోన్. నేను అడగకముందే, “పెట్టెలు అప్పగించానే! చీటీలు రెండూ పాస్‌పోర్టులో పెట్టుకున్నా. మనవరాలు ఏడుస్తోంది, ఇంక ఉంటా” అని పెట్టేసింది.