ఒరవడి తెలిస్తేనే సొంత దస్తూరి

పత్రికల కొట్టు ముందు పుస్తకాలు ఎలా వేలాడతాయో ఎప్పుడైనా గమనించారా? పురికొస మీద ఒకదాని వెనక ఒకటి, ఒకదాన్ని ఒకటి కప్పేస్తూ. వెనకున్న పుస్తకంలో కనిపించేది పైన నాలుగు వేళ్ల మేర మాత్రమే. అందుకే పత్రిక పేరు ఎప్పుడూ నెత్తి మీదే ఉంటుంది. అందం సంగతి తర్వాత, ముందు కొనేవాడి కంట పడాలి కదా!

ఇలాంటి అలవాట్లన్నీ కలిస్తే ఒక ఒరవడి అవుతుంది. సినిమా పత్రికకు ఒకటి, పిల్లల పత్రికకు ఒకటి, పాటల పత్రికకు మరొకటి. సూళ్లూరుపేటలో డిగ్రీ చదివే నలుగురు పిల్లలు కలిసి పాటల పత్రిక తేవాలని కూర్చున్నారనుకుందాం. డబ్బు అంతంత మాత్రం. ఉన్నది ఒక కంప్యూటరు, ఊళ్లో జిరాక్సు షాపు. మొదటి రోజే తగాదా. 'అందరూ వేసినట్టే మనమూ వేస్తే ఇక మన గొప్పేముంది?' అంటారొకరు. 'మరీ కొత్తగా వేస్తే ఇది పాటల పత్రికని ఎవరికి తెలుస్తుంది?' అంటారింకొకరు. ఇద్దరిదీ నిజమే.

పాత చుట్టాలు

తెలుగు ఇళ్లల్లో పాటల పత్రికకు దగ్గరి చుట్టం, ఒకప్పుడు సినిమా హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకం. అట్ట మీద హీరో హీరోయిన్లు. లోపల నటీనటుల పేర్లు, తర్వాత కథ. అది సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆగిపోయి, మిగతాది వెండితెరపై చూడమనేది. ఆ తర్వాత పాటలు, పాడినవారి పేర్లు. ఎవరు అచ్చేసినా అదే వరస. కొన్నవాళ్లకు దేనికోసమూ వెతుక్కునే పని లేదు.

బయటి దేశాల్లోనూ అంతే. బ్రిటన్‌లో 1952లో మొదలైన 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' ఆ ఏడాది నవంబరులోనే రికార్డుల అమ్మకాలను బట్టి పాటలకు ర్యాంకులిచ్చింది. అక్కడే 1978 నుంచి 2006 దాకా నడిచిన 'స్మాష్ హిట్స్' పాటల్ని అక్షరం పొల్లుపోకుండా అచ్చేసి కుర్రకారును కట్టిపడేసింది. అమెరికాలో 1967లో వచ్చిన 'రోలింగ్ స్టోన్' తొలి సంచిక అట్ట మీద జాన్ లెనన్ బొమ్మ వేసింది. మన దేశంలో 1993లో మొదలైన 'రాక్ స్ట్రీట్ జర్నల్' పుట్టింది బొంబాయిలోనో బెంగళూరులోనో కాదు, అలహాబాదులో! పత్రిక పెట్టడానికి మహానగరమే అక్కర్లేదన్నమాట.

మడతలో ఉంది మర్మం

కొన్ని నియమాలు కాగితమే పెడుతుంది. ఏ3 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. అందుకే పేజీల సంఖ్య ఎప్పుడూ నాలుగుతో భాగించబడాలి. 16 పేజీల పత్రికకు నాలుగు కాగితాలు చాలు. అయితే 1వ పేజీ పక్కన పడాల్సింది 2వ పేజీ కాదు, 16వది. 2 పక్కన 15. ఏ జత కూడినా 17 రావాలి. ఈ చిన్న లెక్క తప్పితే పత్రిక తలకిందులే.

నట్టనడుమ పిన్ను కొట్టిన చోట 8, 9 పేజీలు ఒకే కాగితం మీద అతుకు లేకుండా వస్తాయి. తారల బ్లోఅప్పులు నడిమి పేజీల్లోనే ఎందుకు వస్తాయో ఇప్పుడు అర్థమైంది కదూ. చింపకుండా పిన్ను విప్పి గోడకు అంటించుకోవచ్చు.

మన అక్షరం, మన లెక్క

ఇంగ్లిషు పత్రికను చూసి అన్నీ అలాగే దింపుతామంటే మాత్రం చిక్కే. ఇంగ్లిషులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేరు. హెడ్డింగంతా పెద్దక్షరాల్లో పెడితే చాలు, అరిచినట్టు ఉంటుంది. తెలుగుకు ఆ సౌకర్యం లేదు. సైజు, లావు, రంగు... వీటితోనే గొంతు పెంచాలి. పైగా పైన గుడి, కింద వత్తు. వరసల మధ్య ఖాళీ తగ్గిస్తే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది. రెండు పేజీలు చదివేసరికి కళ్లు లాగేస్తాయి.

అట్ట మీద ఎవరు?

అసలు పరీక్ష ఇక్కడే. ఒరవడి ప్రకారం అట్ట మీద ఒక ముఖం ఉండాలి. అది చదివేవాళ్ల కళ్లలోకి సూటిగా చూడాలి. నెట్‌లో దొరికిన హీరో ఫొటో పెట్టేయడం తేలిక. కానీ ఆ ఫొటో ఎవరో తీసినది, హక్కు వాళ్లది. పాట సంగతీ అంతే. మన చట్టం ప్రకారం రచయిత జీవించినంత కాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అనుమతి లేకుండా పాట మొత్తం అచ్చేయడం కుదరదు. మరి పిల్లలేం చేయాలి? పాటను దించడం మాని పాట గురించి రాయాలి. రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు తప్పకుండా వేయాలి. ముఖం కోసం తామే కెమెరా పట్టాలి.

ఎవరి ముఖం? పెళ్లిళ్లలో బ్యాండు వాయించే మనిషిదో, కాలేజీ వార్షికోత్సవంలో పాడిన అమ్మాయిదో కావచ్చు. వాళ్లనెవరు కొంటారంటారా? 1964లో మద్రాసులో ఔత్సాహిక గాయకుల పోటీలో ఒక కుర్రాడు మొదటి బహుమతి గెలిచాడు. సినిమాల్లో తొలి పాట పాడింది 1966లో. పేరు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. ఆ మధ్య రెండేళ్లలో ఏ విద్యార్థి పత్రికైనా ఆయన బొమ్మ అట్ట మీద వేసి ఉంటే, ఈ రోజు ఆ ప్రతిని బంగారంలా దాచుకునేవాళ్లు.

కాబట్టి తగాదా పడ్డ ఇద్దరూ గెలిచినట్టే. పేరు పైనే ఉండాలి, ముఖం సూటిగా చూడాలి, మడత లెక్క కుదరాలి... అదంతా ఒరవడి. ఆ ముఖం ఎవరిదన్నది మాత్రం ఊరిది. పలక మీద అయ్యవారు రాసిచ్చిన అక్షరాన్ని దిద్దీ దిద్దీ కదా, ఎవరి దస్తూరి వారికి వచ్చింది!