కూలి ఆగిన వారమే డబ్బు అందాలి



మాది పల్నాడులో మిరప పండే ఊరు. కోతలకు ఏటా ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస వస్తాయి. ఈసారి మా చేలో దిగిన ఒకామె వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి, 35 రోజుల పసికందును పడుకోబెట్టింది. బిడ్డ ఏడిస్తే పరుగెత్తుకొచ్చేది గానీ వెంటనే ఎత్తుకునేది కాదు. కాయల ఘాటు పోయేదాకా రెండు మూడుసార్లు చేతులు కడుక్కునేది. అందాకా వాడు గుక్కపట్టి ఏడవాల్సిందే. ‘పచ్చి బాలింతవు, ఇంకో నెల ఆగకపోయావా’ అంటే, ‘కూలి నిలిస్తే తిండెట్లక్కా?’ అంది.

కాన్పయ్యాక ఆరు వారాలు పని చేయించకూడదని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టమే చెప్పింది. 2017 సవరణతో జీతంతో కూడిన సెలవు 12 నుంచి 26 వారాలకు పెరిగింది. మస్టర్ రోల్ మీద పనిచేసే దినకూలీలకూ ఈ హక్కు ఉందని ఢిల్లీ నగరపాలక సంస్థ కేసులో 2000లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అక్కడ యజమాని ఎవరో తెలుసు. వారానికో చేలో కాయ కోసే మనిషి సెలవు ఎవరిని అడగాలి?

ప్రధానమంత్రి మాతృ వందన యోజన ఉంది కదా అంటారు. తొలి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. ఈమెకు రెండోసారి మగపిల్లాడు, కాబట్టి ఏమీ రాదు. పుట్టింది మగబిడ్డయితే తల్లి ఒళ్లు త్వరగా కోలుకుంటుందా? తొలి కాన్పుకిచ్చే సొమ్మునే 26 వారాలకు పంచి చూడండి, రోజుకు 27 రూపాయలు. అందులోనూ రెండో వాయిదా బిడ్డకు 14 వారాల టీకాలు పూర్తయ్యాకే. అప్పటికి తల్లి ఎప్పుడో చేలో ఉంటుంది.

కాన్పు సెలవు జీతం భారం రైతు మీద వేస్తే గర్భిణిని పనికే పిలవరు. నేనూ రైతునే, దాచుకోవడమెందుకు? అందుకే ఇది ప్రభుత్వమే భరించాలి. దీన్ని కానుకగా కాక పోయిన కూలిగా లెక్కగట్టాలి. ఉద్యోగినులకు 1961 చట్టంతోనే దక్కిన 12 వారాలకైనా, వ్యవసాయ కూలీల కనీస వేతనం చొప్పున, ఎన్నో కాన్పు అని చూడకుండా ఇవ్వాలి. అదీ టీకా కార్డు నిండాక కాదు, ఆమె పని మానిన వారమే.

– ఒక మహిళా రైతు, పల్నాడు జిల్లా