వంటకు పది నిమిషాలు, తినిపించడానికి అరగంట

రెండేళ్ల పిల్లాడు ఒక ఇడ్లీ తినడానికి ఎంతసేపు పడుతుందో వాడికి తినిపించేవాళ్లనే అడగాలి. ఇడ్లీపాత్ర పొయ్యి మీద పెడితే పది పన్నెండు నిమిషాల్లో వాయి దిగిపోతుంది. దిగిన ఇడ్లీ వాడి పొట్టలోకి వెళ్లడానికి మాత్రం అరగంట. మొదటి ముక్క సరదాగా మింగుతాడు. రెండోది బుగ్గన పెట్టుకుని కిటికీలోంచి పావురాలను చూస్తాడు. మూడోది పిడికిట్లో నలిపి సోఫాకు పూస్తాడు. నాలుగో ముక్క దగ్గరికొచ్చేసరికి కింద ఆఫీసు క్యాబ్ హారన్ మోగుతుంది.

చిటికెలో అయిపోయే పిల్లల టిఫిన్లంటూ యూట్యూబ్ చానెళ్లు రోజూ కొత్త వంటకాలు చూపిస్తున్నాయి. బీట్‌రూట్ పాన్‌కేకులు, ఓట్స్ ఊతప్పాలు, ఎలుగుబంటి ముఖం ఆకారంలో దోసెలు. పొద్దున్నే ఇవన్నీ చేసే తీరిక ఉన్న ఇంట్లో అసలు హడావుడే ఉండదు. మన ఇళ్లలో వంటకాలకు కొదవ లేదు, పిల్లాడి పక్కన కూర్చునే మనిషికే కొదవ. అందుకే పొయ్యి దగ్గర మిగిల్చుకోగలిగిన ప్రతి నిమిషాన్నీ తినిపించడానికి మళ్లించాలి. పసివాళ్ల పొద్దుటి తిండి గురించి చెప్పుకోవాల్సిన మాటల్లో ఇదే మొదటిది.

ఆ అరగంట మన దగ్గర లేదన్న సంగతి బిస్కెట్ల కంపెనీలూ మాల్ట్ పొడుల కంపెనీలూ మనకంటే ముందే పసిగట్టాయి. గ్లాసుడు పాలలో రెండు చెంచాల పొడి కలిపితే పిల్లాడు రెండు నిమిషాల్లో గటగటా తాగేస్తాడు. నమలక్కర్లేదు, బతిమాలక్కర్లేదు, సోఫా తుడవక్కర్లేదు. పైగా అది ఆరోగ్యానికి మంచిదని డబ్బా మీదే రాసి ఉండేది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఈ-కామర్స్ సంస్థలకు ఒక సూచన పంపింది: బోర్న్‌విటా సహా ఇలాంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్స్’ వరుసలోంచి తీసేయండి, 2006 ఆహార భద్రత చట్టంలో అసలు ఆ మాటకు నిర్వచనమే లేదు అని. అదే నెలలో హార్లిక్స్ కూడా ‘హెల్త్’ ముద్ర వదులుకుని ‘ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్’ అయింది. మన ధవళేశ్వరంలోనే ఫ్యాక్టరీ ఉన్న బ్రాండు అది, తెలుగు ఇళ్లకు కొత్తదేమీ కాదు. జ్వరం పడి లేచినవాళ్లకు ఇచ్చే డబ్బా కాస్తా రోజూ పొద్దున పిల్లాడి భోజనమైపోవడమే విచిత్రం.

పాలు మంచివే. అయితే రోజుకు అరలీటరు దాటి తాగే పిల్లలకు ఆకలి చచ్చిపోతుంది. పాలలో ఇనుము దాదాపు ఉండదు, పాల వల్ల మిగతా తిండిలోని ఇనుము కూడా ఒంటికి సరిగా పట్టదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో చాలినంత తిండి, చాలినన్ని రకాలు అందుతున్నది దేశం మొత్తమ్మీద వందలో 11 మందికే. పేదరికం ఒక్కదానితోనే వచ్చే అంకె కాదిది. నిండు ఫ్రిజ్ ఉన్న ఇళ్ల పిల్లలు కూడా ఆ మిగతా 89 మందిలో ఉన్నారు.

మరి ఏం పెట్టాలి? ముందుగా ఒక ఎదురు ప్రశ్న. పసిపిల్లలకు పొద్దున టిఫినే పెట్టాలని ఎవరు చెప్పారు? రెండు మూడు తరాల కిందట పల్లెల్లో పొద్దుటి తిండంటే చద్దన్నమే. ఇడ్లీ, దోసె పండక్కో, పట్నం వెళ్లినప్పుడు హోటల్లోనో. ఇప్పుడు ఉద్యోగాలు చేసేవాళ్ల ఇంట్లో లంచ్ బాక్సుల కోసం ఏడింటికల్లా కుక్కర్ ఎలాగూ ఎక్కుతుంది. పప్పులో కారమూ చింతపండూ పడకముందే ఒక గరిటెడు పక్కకు తీయాలి. వేడన్నంలో మెత్తగా మెదిపి, చెంచాడు నెయ్యి వేసి, పప్పులోనే ఉడికిన పాలకూర కాస్త కలిపి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే పిల్లాడి పళ్లెం సిద్ధం. అదనంగా పట్టిన టైమ్ ఒక్క నిమిషం. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో దొరుకుతుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది. నిమ్మకాయలోని విటమిన్ సి ఆకుకూరలోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. ఇంత చక్కగా కుదిరిన ముద్దను ‘అది మధ్యాహ్నం తిండి’ అని పక్కనపెట్టి, టీలో ముంచిన బిస్కెట్ నోటికందించడంలో అర్థం లేదు. టీ మరీ అన్యాయం, ఆ కాస్త ఇనుమునూ ఒంటికి పట్టనివ్వదు.

రాగుల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పాలిష్ పట్టిన బియ్యంలో పది కూడా లేదు. అందుకని చాలామంది జావ కాస్తున్నారు. చిక్కెక్కడొస్తుందంటే, పలచగా కాస్తే పిల్లాడి చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది, చిక్కగా కాస్తే మింగలేడు. మొలకెత్తిన గింజల పిండి ఈ చిక్కు విప్పుతుంది. మొలక వచ్చేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది, అది పిండిపదార్థాన్ని విడగొడుతుంది. చిక్కటి జావ దించాక చెంచాడు మొలకల పిండి కలిపితే చూస్తుండగానే గరిటజారుగా అవుతుంది. నీళ్లు పోయకుండానే పలచబడింది కాబట్టి అదే గిన్నెలో బలం ఎక్కువ. కలిపాక ఒక్క పొంగు రానిచ్చి దించుకుంటే చాలు. 1980లలో బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం దీని మీద పరిశోధనలు చేసింది. మన అమ్మమ్మలు రాగులు నానేసి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక నీడన ఆరబెట్టి దోరగా వేయించి విసిరించేవాళ్లు. ఆ ‘దోరగా’ దగ్గరే జాగ్రత్త. కమ్మటి వాసన కోసం ఎర్రగా వేయిస్తే ఎంజైము చచ్చి ఉత్త పిండి మిగులుతుంది. ఆదివారం ఒక పూట పని, నెలకు సరిపడా డబ్బా.

జావలో బెల్లం వేసి ‘మేం పంచదార వాడం’ అని సంబరపడేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండేళ్లలోపు పిల్లల పళ్లకు ఆ తేడా తెలియదు. తీపి కావాలంటే మగ్గిన అరటిపండు మెదిపి కలపొచ్చు.

ఇడ్లీపిండి పులియాలి, పెసరట్టుకు ఆ గొడవ లేదు. రాత్రి నానేసిన పెసలు పొద్దున అయిదు నిమిషాల్లో మిక్సీలో నలుగుతాయి. అల్లం, పచ్చిమిర్చి వేయకముందే పిల్లాడికి రెండు గరిటెల పిండి తీసి, దానిమీద గుడ్డు కొట్టి పోసి కాలిస్తే అట్టు మెత్తగా వస్తుంది, విరిచి చేతికివ్వొచ్చు. పలచని అటుకులు కడిగి పెరుగులో వేస్తే పొయ్యి వెలిగించే పనే లేదు. పిండి ప్యాకెట్ కొనుక్కొచ్చి ఇడ్లీ వేస్తే తప్పు చేసినట్టు నొచ్చుకోనక్కర్లేదు. వేరుశనగ గింజలు, ద్రాక్షపళ్లు మాత్రం గొంతుకు అడ్డం పడతాయి. గింజలు పొడి కొట్టి, ద్రాక్ష నిలువునా చీల్చి పెట్టాలి.

ఇక ఆ అరగంట. ఫోనులో పాటలు పెట్టి, పిల్లాడు నోరు తెరిచినప్పుడల్లా ముద్ద తోసే పద్ధతి ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ కనిపిస్తుంది. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని భారత శిశువైద్యుల సంఘం చెబుతోంది. ఎంత తిన్నాడో, ఏం తిన్నాడో వాడికే తెలియకపోతే ఆకలి, కడుపు నిండడం ఎలా తెలుస్తాయి? పెద్దవాళ్ల కంగారుకు ఒక కారణం ఉంది. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలవుతుంది. రెండో ఏడు మొత్తమ్మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. ‘ఏడాది దాటాక సరిగా తినట్లేదండీ’ అని డాక్టర్ దగ్గరికి పరిగెత్తే ఇళ్లలో సగం గొడవ ఇదే. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్లు తేల్చాలి, ఎంత తినాలో పిల్లాడు తేల్చుకుంటాడు. అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ దశాబ్దాలుగా చెబుతున్న పద్ధతి ఇది. కొత్త రుచిని ఒకసారి ఉమ్మేశాడని వదిలేయకూడదు, పది పదిహేను సార్లు ఎదురుపడ్డాక గానీ కొందరు ముట్టుకోరు. క్యాబ్ వచ్చేసరికి సగమే తిన్నాడా, పరవాలేదు. మిగతా సగం డబ్బాలో క్రెష్‌కు వెళ్తుంది, లేదంటే పదింటికి నాయనమ్మ పెడుతుంది. ఆ వయసు పిల్లలు ఎలాగూ రోజుకు అయిదారు సార్లు తినాల్సినవాళ్లే.

ఇంట్లో ఆ అరగంట ఎవరిదన్న మాటా తేలాలి. నాన్న పేపరు చదువుతూ, అమ్మ ఒక చేత్తో పోపు వేస్తూ ఇంకో చేత్తో ముద్ద అందిస్తూ ఉన్నంతకాలం ఎన్ని చిట్కాలు చెప్పినా ఆ పొద్దు తెమలదు. తినిపించడానికి వంట రానక్కర్లేదు.

చట్టం వంతు కూడా ఉంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ సెలవును 26 వారాలకు పెంచింది. బిడ్డకు అన్నం పెట్టడం మొదలుపెట్టాల్సింది సరిగ్గా ఆరో నెల నిండాక. అంటే తినిపించడం నేర్పాల్సిన రోజునే అమ్మ ఆఫీసుకు వెళ్లాలి. కాన్పుకు ముందే కొన్ని వారాలు వాడుకుని ఉంటే ఇంకా ముందే. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలన్న నిబంధన తెచ్చిందీ ఆ సవరణే. ఎన్ని ఆఫీసుల్లో ఉందో ఉద్యోగులకు తెలుసు.

హడావుడి పొద్దులు సాఫ్ట్‌వేర్ ఇళ్లకే పరిమితం అనుకుంటే పొరపాటు. నాట్ల రోజుల్లో కూలీల ఆటోలు తెల్లారగానే ఊరు దాటుతాయి. అంగన్‌వాడీ తలుపు తెరిచేది తొమ్మిదింటి తర్వాతే. మధ్యలో రెండేళ్ల పిల్ల ముసలమ్మ చంకలోనో, ఎనిమిదేళ్ల అక్క చేతిలోనో ఉంటుంది. ఆ పిల్ల కడుపుకు ఆధారం కిరాణా కొట్లో 5 రూపాయల బిస్కెట్ ప్యాకెట్. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది కూడా. తెలంగాణ అంగన్‌వాడీలు మూడేళ్లలోపు పిల్లలకు నెలనెలా ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ వేడినీళ్లలో కలిపితే చాలు, నిమిషంలో తయారవుతుంది. కలిపి పెట్టే చెయ్యే ఆ సమయానికి ఇంట్లో ఉండదు.

కాబట్టి ప్రభుత్వాలు చేయగలిగిన పని ఒకటుంది. నాట్లు, కోతలు సాగే వారాల్లోనైనా అంగన్‌వాడీలు పొద్దున ఆరున్నరకే తెరవాలి. గుడ్డు, బాలామృతం అక్కడే కలిపి, పక్కన కూర్చుని తినిపించాలి. ఆ అదనపు గంటలకు టీచర్లకూ ఆయాలకూ అదనపు వేతనం ఇవ్వాలి. రెండు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలు వచ్చే ఖరీఫ్ నాట్లకల్లా దీన్ని కొన్ని మండలాల్లోనైనా మొదలుపెట్టాలి.