"ఏం రాశారురా ఇందులో?"

ఈ సంచిక సంపాదకులు నన్ను పిలిచి "యువత - రాజ్యాంగం" అన్న విషయం మీద ఏదైనా రాసిమ్మన్నారు. నేను బి.ఎస్సీ. వాణ్ణి, నాకెందుకీ గొడవ, పొలిటికల్ సైన్సు మిత్రులున్నారు కదా అన్నాను. "వాళ్ళంతా పోటీ పరీక్షలకి రాజ్యాంగం చదువుతున్నారు, వాళ్ళకి తీరిక లేదు" అన్నారు. ఆ జవాబులోని చమత్కారం వాళ్ళు గమనించారో లేదో నాకు తెలియదు. రాజ్యాంగం అంటే ఉద్యోగప్రయత్నంలో ఉన్నవాళ్ళు బట్టీ పట్టే పుస్తకం అన్న భావం మన కాలేజీలో ఎంత బలంగా పాతుకుపోయిందో మాత్రం నాకు అర్థమైంది. అందుకని ఒప్పుకున్నాను.

ముందుగా నా యోగ్యత చెప్పుకోవాలి. తొమ్మిదో తరగతిలో జనవరి 26కి మా హైస్కూల్లో పెట్టిన వ్యాసరచన పోటీలో "ప్రాథమిక హక్కులు" అన్న వ్యాసానికి నాకు రెండో బహుమతి వచ్చింది. స్టీలు టిఫిను డబ్బా ఇచ్చారు. మా అమ్మ ఇప్పటికీ అందులోనే పొలానికి పెరుగన్నం తీసుకెళుతుంది. ఆ వ్యాసంలో ఆరు హక్కులూ వరసగా రాశాను. మొదట ఏడుండేవని, 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కుని ఆ జాబితాలోంచి తీసేశారని కూడా రాశాను. ఆ ఒక్క వాక్యానికే మాస్టారు మెచ్చుకుని కింద ఎర్రగీత గీశారు. తీసేసి ఎక్కడ పెట్టారో మాత్రం నేను రాయలేదు. మాస్టారూ అడగలేదు.

అది ఎక్కడుందో తెలుసుకోడానికి నాకు 38 సెంట్ల పొలం ఖర్చయింది.

మాది ప్రకాశం జిల్లాలో సాగర్ కుడి కాలువ కింద ఒక పల్లెటూరు. నేను ఇంటరు మొదటి సంవత్సరంలో ఉండగా మా ఊరి పక్కనుంచి కొత్త రోడ్డు పడింది. జాతీయ రహదారి కాదు, రాష్ట్రం వేసిన రోడ్డే. అందులో మా నాయనమ్మ పేరున ఉన్న పొలంలో 38 సెంట్లు పోయింది. రోడ్డు వద్దని మేం అనలేదు. ఆ రోడ్డు మీదే ఇవాళ నేను బస్సెక్కి కాలేజీకొస్తున్నాను. అసలు సంగతి వేరే ఉంది. ఆ 38 సెంట్లలో ఒక బోరు, కాపుకొచ్చిన పదకొండు బత్తాయి చెట్లు ఉన్నాయి. భూమికి లెక్క కట్టారు. చెట్లకి, బోరుకి కట్టలేదు.

డబ్బు బ్యాంకులో పడేముందు ఆఫీసు నుంచి ఒకాయన కాగితాలు తెచ్చారు. మా నాన్న మిరపకాయలు అమ్ముకురావడానికి గుంటూరు వెళ్ళారు. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే. నాయనమ్మకి చదువు రాదు. నేనే ఆమె చేయి పట్టుకుని, బొటనవేలు సిరాలో అద్ది, నాలుగుచోట్ల వేలిముద్ర వేయించాను. వేసేముందు ఆవిడ ఒక్క ప్రశ్న అడిగింది.

"ఏం రాశారురా ఇందులో?"

"ఏంలేదులే నాయనమ్మా, డబ్బులు ఇస్తున్నామని రాశారు."

కాగితం తెలుగులోనే ఉంది. నేను చదివాను కూడా. పరిహారం పూర్తిగా ముట్టినట్లు, ఎటువంటి అభ్యంతరం లేనట్లు అందులో ఉంది. చదివాను గాని, ఆ మాటలకి చట్టంలో ఒక విలువ ఉంటుందని, వాటిపక్కన మనం కూడా ఒకమాట రాయొచ్చని నాకు తట్టలేదు. కాగితం తెచ్చినాయన కుర్చీలో కూచుని వాచీ చూసుకుంటున్నారు. ఆయన్ని ఆలస్యం చేయించడం మర్యాద కాదనుకున్నాను. హక్కుల మీద బహుమతి పొందినవాడి తెలివి అంతే.

కిందటి ఏడు హాస్టల్లో లా చదివే ఒక సీనియరుతో మాటల మధ్య ఈ సంగతి చెప్పాను. ఆయన అంతా విని, "వేలిముద్ర కింద 'నిరసనతో తీసుకుంటున్నాను' అని రాశారా?" అన్నాడు.

"లేదన్నా."

ఆయన మరేం మాట్లాడకుండా లైబ్రరీకి తీసుకెళ్ళి 2013 నాటి భూసేకరణ చట్టం తీసి నా ముందు పెట్టాడు. ఆ సాయంత్రం నేను చదివింది కొంచెం వివరంగానే చెప్పాలి. ఈ కాలేజీలో సగానికి పైగా రైతుబిడ్డలమే. ఎవరి ఊళ్ళో ఎప్పుడు ఏ కాలువ తవ్వుతారో, ఏ రోడ్డు పడుతుందో తెలీదు.

భూమి తీసుకోబోతున్నామన్న తొలి ప్రకటనని రెండు దినపత్రికల్లో వేయాలి. అందులో ఒకటి మన భాషలో ఉండాలి. పంచాయతీ దగ్గర, మండల కార్యాలయంలో మన భాషలోనే అంటించాలి. ఆ ప్రకటన వచ్చిన 60 రోజుల్లో అభ్యంతరాలుంటే కలెక్టరుకి రాతపూర్వకంగా ఇచ్చుకోవచ్చు. (జాతీయ రహదారయితే 1956 నాటి వేరే చట్టం. అక్కడ 21 రోజులే.) చెట్లకి, కట్టడాలకి భూమితోపాటు విడిగా వెల కట్టాలి. కట్టిన మొత్తం మీద నూటికి నూరు శాతం ఊరట సొమ్ము కలపాలి. ఇచ్చింది చాలదనుకుంటే డబ్బు వదులుకోనక్కరలేదు. నిరసన తెలుపుతూ తీసుకుని, అవార్డు ప్రకటించినపుడు మనం హాజరై ఉంటే ఆరు వారాల్లోపు, పైఅధికార సంస్థకి నివేదించమని కలెక్టరుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. సరైన కారణం చూపితే ఇంకో ఏడాది దాకా ఆయన పుచ్చుకోవచ్చు. నిరసన తెలపకుండా తీసుకున్నవాళ్ళకి మాత్రం ఆ దారి మూసేశారు.

ఒక్క మాట రాస్తే చాలేది. నేను పక్కనే ఉన్నాను, నా జేబులో పెన్ను కూడా ఉంది.

ఆస్తి హక్కు ఎక్కడికి పోయిందో కూడా అప్పుడే చూశాను. 300-ఎ అధికరణలో ఉంది. చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదని ఒక్క వాక్యం. నా వ్యాసంలో లేనిది ఆ వాక్యమే. ఇంకొకటి కూడా చెప్పాలి. 39-ఎ అధికరణ పేదవాళ్ళకి ఉచిత న్యాయ సహాయం అందించమంటుంది. దాన్ని అమలు చేయడానికి 1987లో చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం స్త్రీలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సహాయం దొరుకుతుంది. అంటే మా నాయనమ్మకి పైసా ఖర్చు లేకుండా వకీలు దొరికేవాడు. నేను ఇంటరు చదివిన రెండేళ్ళూ బస్సు ఆ కోర్టు గోడ పక్కనుంచే వెళ్ళేది. ఆ గోడమీద న్యాయసేవల బోర్డు ఉండేది. రోజుకి రెండుసార్లు ఆ బోర్డు చూశాను.

ఇందులో తప్పెవరిది? నాది ఉంది, దాన్ని ఎవరిమీదకో తోయదలచుకోలేదు. కానీ పదేళ్ళు సాంఘిక శాస్త్రం చదివినవాడు ఒక కాగితం ముందు ఇంత నిస్సహాయంగా నిలబడ్డాడంటే ఆ బోధనలో ఏదో లోపం లేదా అని మా అధ్యాపకుల్ని వినయంగా అడుగుతున్నాను. కెమిస్ట్రీలో సాల్టు ఎనాలిసిస్ పాఠం చెప్పి వదిలేయరు. లాబులో సాల్టు చేతికిచ్చి ఇదేంటో కనుక్కోమంటారు. తప్పు చెబితే మళ్ళీ చేయమంటారు. రికార్డు రాయించి సంతకం పెడతారు. రాజ్యాంగానికి ఈ లాబు ఎందుకు లేదు? మా పిన్ని కొడుకు ఇంజనీరింగు. వాళ్ళకి "భారత రాజ్యాంగం" అన్న సబ్జెక్టు ఉంది. క్రెడిట్లు లేవు, పాసయితే చాలు. పరీక్ష ముందురోజు రాత్రి ఫోటోస్టాటు కాగితాలు చదివి రాశానని వాడే చెప్పాడు.

నేను కోరేది కొత్త పేపరు కాదు, పేపర్లు మనకి ఇప్పటికే చాలా ఉన్నాయి. డిగ్రీ చేతికొచ్చేలోపు ప్రతి విద్యార్థీ ఒక్కసారి తన ఊరి గ్రామసభలో కూచుని రావాలి. పంచాయతీ గోడమీది నోటీసు ఒకటి నకలు రాసుకొచ్చి క్లాసులో దాని అర్థం చెప్పాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు తన చేత్తో రాయాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకయితే రుసుమే లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ఎందుకు అడుగుతున్నావో చెప్పనక్కరలేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అలాగే, అరెస్టు చేసినవాళ్ళు కారణం చెప్పాలని, ప్రయాణకాలం మినహా 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని 22వ అధికరణ చెబుతోందని మన హాస్టల్లో ఎంతమందికి తెలుసు? క్రికెట్ స్కోర్లు తెలిసినంతమందికి తెలిస్తే చాలు.

ఇలాగయితే పిల్లలు హక్కులు హక్కులంటూ గొడవలకి దిగుతారు, ముందు బాధ్యతలు నేర్పండి అని పెద్దలంటారు. స్టాఫ్ రూములో కూడా ఈ మాట విన్నాను. విధులు మొదట మన రాజ్యాంగంలో లేవు. అత్యవసర పరిస్థితి నడుస్తుండగా 1976లో 42వ సవరణతో 51-ఎ అధికరణగా పదింటిని చేర్చారు. పదకొండోది 2002లో చేరింది. విధుల పాఠమంటే నోరు మూసుకుని చెప్పినట్టు వినడం అని చాలామంది అనుకుంటారు. ఆ పదకొండూ చదివితే అలా లేదు. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, జిజ్ఞాసని, సంస్కరణాభిలాషని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అని అందులో ఉంది. సైన్సు విద్యార్థిగా ఆ ఒక్కటీ చదివినప్పుడు నాకు ఛాతీ పొంగింది. ప్రశ్న అడగడం నా విధి అట!

మన దుర్గాబాయమ్మ కథ అందరికీ తెలిసిందే. 1923లో కాకినాడ కాంగ్రెసు సభలప్పుడు ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ళ వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే లోపలికి పోనివ్వలేదు. తర్వాత ఆ ఇద్దరూ ఒకే రాజ్యాంగ సభలో సభ్యులయ్యారు. ఆ పిల్ల ఆ రోజు చేసింది హక్కా, విధా?

అలాగని బాధ్యతల సంగతిలో నేను సచ్ఛీలుణ్ణని చెప్పుకోను. కాలువకి వంతుల మీద నీళ్ళొదిలిన ఒక ఏడు, మా వంతు కాని రాత్రి మా నాన్నతోపాటు మరో ముగ్గురు రైతులు తూము షట్టరు ఎత్తారు. నేను టార్చిలైటు పట్టుకున్నాను. లస్కరుకి తెలుసు, ఆయన అటు తిరిగి పడుకున్నాడు. మాకు వరి పండింది. కాలువ చివరి భూముల్లో మా క్లాసువాడి పొలం ఉంది. వాళ్ళకి ఆ ఏడు పైరు ఎండిపోయింది. ఆ నీళ్ళలో వాడి వాటా ఎంతో, మా వాటా ఎంతో చూసుకోడానికే 1997లో రైతుల యాజమాన్య చట్టం తెచ్చి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. ఆ సంఘంలో మా నాన్నా సభ్యుడే. 38 సెంట్ల విషయంలో నాకు అన్యాయం జరిగిందని ఇంత రాశాను గదా, టార్చిలైటు సంగతి రాయకపోతే ఇది సగం వ్యాసమే అవుతుంది. ఇంట్లో చదివితే నాన్న కోప్పడతారు. పడనివ్వండి.

కిందటి ఏడు ఆ లైబ్రరీ సాయంత్రం తర్వాత పది రూపాయల పోస్టల్ ఆర్డరు తీసి, మా పొలం తాలూకు చెట్లు, కట్టడాల విలువ పట్టిక ఇమ్మని దరఖాస్తు పంపాను. 30 రోజులు దాటినా జవాబు రాలేదు. మొదటి అప్పీలు రాశాను. అప్పుడొచ్చింది. చెట్లు అన్నచోట "లేవు" అని, బోరు అన్నచోట గీత. సెలవులకి ఇంటికెళ్ళి ఆ పట్టిక, పాత కాగితం నకలు వసారాలో నాయనమ్మ ముందు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి దాకా పైకి చదివాను. అర్థం కానిచోట ఆపమంది. గంటన్నర పట్టింది. మా సంగతి గడువు దాటిపోయిందని కూడా దాచకుండా చెప్పాను. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. కాసేపు ఊరుకుని, "మరి తూము అవతల వాళ్ళవో?" అంది.

అదే రోడ్డుని ఇప్పుడు పొడిగిస్తున్నారు. తూము అవతల నలుగురి పొలాలు పోతాయి. అందులో ఒకటి టార్చిలైటు రాత్రి నీళ్ళు అందని మా క్లాసువాడిది. నేను తిరిగొచ్చేటప్పటికి పంచాయతీ గోడమీద కాగితం అంటించి ఇరవై రెండు రోజులైంది. వచ్చే శనివారం పాసు పుస్తకాలు తీసుకుని మా వసారాకి రమ్మని నలుగురికీ కబురు పెట్టాను. చెట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టుకుని రమ్మన్నాను.