అభిప్రాయం అడిగే ముందు విషయం చెప్పండి

సర్పంచులకు, వార్డు సభ్యులకు, రైతులకు, మత్స్యకారులకు, డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లకు విజ్ఞప్తి.

మన ఊరి పక్కకు గనో, రసాయనాల ఫ్యాక్టరీయో, విద్యుత్ ప్లాంటో వస్తుందంటే ఒక రోజు షామియానా వేస్తారు. వేదిక మీద అధికారులు, చుట్టూ పోలీసులు, ముందు వరసల్లో మనకు మొహం తెలియని మనుషులు. కంపెనీ ప్రతినిధి తెర మీద బొమ్మలు చూపించి గబగబా నాలుగు ముక్కలు చెప్పేస్తాడు. ఉద్యోగాలొస్తాయని కొందరు, బతుకు పోతుందని కొందరు మైకు కోసం తోసుకుంటారు. మధ్యాహ్నం భోజనాల వేళకు అంతా ముగుస్తుంది. దీన్నే ప్రజాభిప్రాయ సేకరణ అంటున్నారు.

ఇలాగే జరపాలని ఏ చట్టమూ చెప్పలేదు. 2006 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. పత్రికలు చేరని చోట దండోరా వేయించాలి. సభను మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలి. సభ ముగిసే ముందు, జనం చెప్పిందాంట్లో ఏమేం రాసుకున్నారో స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఈ ఆఖరి నిబంధన ఒకటుందని మనలో ఎందరికి తెలుసు? వచ్చేసారి సభ ముగుస్తుండగా ఒక్కరైనా లేచి "రాసుకున్నది చదవండి" అని అడగాలి.

నిబంధనలున్నా ఇంత అసంతృప్తి ఎందుకంటే, మనల్ని అడిగేది ఆలస్యంగా. ప్లాంటు వల్ల నీటికి, గాలికి, పంటకు ఏమవుతుందో అధ్యయనం చేసేటప్పుడు ఏయే అంశాలు చూడాలో ముందుగా ఒక నిపుణుల కమిటీ తేలుస్తుంది. ఆ కమిటీ ఢిల్లీలోనో రాష్ట్ర రాజధానిలోనో కూర్చుంటుంది. ఏ కాలువ ఎటు పారుతుందో, ఏ నెలలో చెరువు అలుగు పోస్తుందో, వలసపక్షులు ఎక్కడ దిగుతాయో తెలిసిన మనిషిని ఆ దశలో ఎవరూ పిలవరు. స్థలం ఖాయమై, నివేదిక తయారయ్యాక మన ముందుకు వస్తారు. అప్పుడు మనకు మిగిలేది సరే అనడమో, వద్దనడమో.

దీని ఫలితం శ్రీకాకుళం జిల్లా చూసింది. సోంపేట బీల ప్రాంతంలో 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు తలపెట్టారు. బీల అంటే ఏడాది పొడవునా నీరుండే చిత్తడి నేల. దాని నీటితో వరి పండుతుంది, దానిలో చేప దొరుకుతుంది, దాని గట్ల మీద పశువులు మేస్తాయి. ప్రాజెక్టు కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమి అయింది. 2009లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, అదే ఏడాది అనుమతీ వచ్చేసింది. 2010 జూలై 14న, ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసులు జరిపిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఏడాది తిరక్కముందే, 2011 ఫిబ్రవరిలో, అదే జిల్లాలోని కాకరాపల్లిలో, ఇలాంటి మరో ప్లాంటు గొడవలో, మళ్లీ కాల్పులు. సోంపేట బీల చిత్తడి నేల అని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు, అక్కడ వల వేసే ఏ జాలరినడిగినా చెప్పేవాడు.

జనాన్ని ముందే పిలిస్తే ఆలస్యమవుతుందని, పెట్టుబడులు పోతాయని పారిశ్రామికవేత్తలు అంటారు. సోంపేటలో ప్లాంటు రానే లేదు. అంతకంటే పెద్ద ఆలస్యం ఏముంటుంది?

పొరుగున ఒడిశాలో నియమగిరి కొండల బాక్సైట్ వివాదంలో సుప్రీంకోర్టు 2013లో వేరే దారి చూపింది. డోంగరియా కోందులు, ఇతర అడవి బిడ్డల మాట గ్రామసభల్లో వినమంది, న్యాయాధికారిని పరిశీలకుడిగా పెట్టమంది. అధికారులే కొండ ఎక్కి ఊళ్లకు వెళ్లారు. 12 పల్లెలూ గని వద్దన్నాయి. అది అటవీ హక్కుల చట్టం కింద జరిగిన వ్యవహారం, ప్రతి ఫ్యాక్టరీకీ వర్తించదు, నిజమే. కానీ మనుషులున్న చోటికి వెళ్లి వినడం సాధ్యమేనని అది రుజువు చేసింది.

కాబట్టి మేం కోరేది ఇది. అధ్యయనంలో ఏయే అంశాలుండాలో నిర్ణయించక ముందే ప్రభావిత పంచాయతీలన్నిటిలో ఒక్కో సమావేశం పెట్టాలి. నోటిఫికేషన్ చెప్పింది కనీసం చేయాల్సింది. అంతకు మించి చేయొద్దని అందులో ఎక్కడా లేదు, కలెక్టరు తలుచుకుంటే రేపే మొదలుపెట్టవచ్చు. తేదీలు నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో పెట్టకూడదు. ఆడవాళ్లకు విడిగా కూర్చునే వీలుండాలి, నీళ్లు మోసేది వాళ్లే, షామియానా కింద మైకు అందనిదీ వాళ్లకే. అధ్యయన నివేదిక సారాంశం మనకు అర్థమయ్యే తెలుగులో కావాలి: రోజుకు ఎన్ని లారీలు తిరుగుతాయి, ఏ నదిలోంచి ఎన్ని నీళ్లు తోడతారు, బూడిద ఎక్కడ పోస్తారు, మా తాగునీటి బావికి అదెంత దూరం. ఆ తర్వాత, మనం అడిగిన ఒక్కో ప్రశ్నకు ఏం జవాబిచ్చారో, దేన్ని ఎందుకు కాదన్నారో రాసి పంచాయతీ గోడకు అంటించాలి.

అనుమతి వచ్చాక కూడా పని ఉంది. అనుమతి పత్రం ప్రతిని పంచాయతీకి ఇవ్వాలి, పంచాయతీ దాన్ని 30 రోజులు ప్రదర్శించాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు గడువు కూడా 30 రోజులే, తగిన కారణం చూపితే మరో 60. ఆ కాగితం బీరువాలో ఉండిపోతే మన హక్కూ అందులోనే ఉండిపోతుంది. షరతులు పాటిస్తున్నారో లేదో కంపెనీలు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అదీ పంచాయతీలో తెలుగులో చదివి వినిపించమని అడుగుదాం.

మన వైపు లోటూ చెప్పుకోవాలి. "వద్దంటే వద్దు" అని అరిచి వచ్చేస్తే రికార్డులో అది ఒక్క వాక్యం అవుతుంది. కాలువ పేరు, సర్వే నంబరు, బోరు లోతు, పంట వివరం కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు తీసుకుంటే దానికి జవాబు చెప్పక తప్పదు.

వచ్చే గ్రామసభ ఎజెండాలో ఈ కోర్కెలు పెట్టించండి. తీర్మానం చేసి ఒక ప్రతి కలెక్టరుకు, ఒకటి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి పంపండి, మూడోది పంచాయతీలో ఉంచండి. ఈ కరపత్రం చదివాక పక్క ఊరివాళ్లకు ఇవ్వండి.